కిరీటం ఉన్నంతసేపు

మా పక్కింటి మామ్మగారు పోయారు. ధనుర్మాసం కదా, తెల్లవారకుండానే గుడికి వెళ్లి, ఆవిడ వాటా కట్టెపొంగలి దొన్నెలో పెట్టించుకుని వస్తున్నాను. వీధి మలుపు తిరుగుతుండగానే పాలు పోసే ఆవిడ ఎదురొచ్చింది. "అమ్మగారూ, మామ్మగారు లేవట్లేదండి. ఎంత పిలిచినా పలకట్లేదండి" అంది. దొన్నె చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లాను. ఆవిడ వెల్లకిలా, నిటారుగా, రెండు చేతులూ పక్కల పెట్టుకుని పడుకుని ఉన్నారు. ఆవిడ పడకే అంత. ముడుచుకుని పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. నా చేతిలో పొంగలి ఇంకా వేడిగానే ఉంది.

పన్నెండో రోజు కూడా అయిపోయింది. ఇప్పుడు కూర్చుని ఈ నాలుగు మాటలూ రాయగలుగుతున్నాను.

మా అమలాపురం వీధిలో చాలామందికి ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటిన పెద్దవాళ్లకి మాత్రం ఆవిడ రాముడు. ఆవిడ వీధిలో నడిచి వెళ్తుంటే అరుగు మీంచి లేచి నిలబడే ముసలాయన ఒకాయన మొన్న మొన్నటి దాకా ఉండేవారు. అరవై ఏళ్ల క్రితం ఈ కోనసీమలో అచ్చంగా ఆడవాళ్లతోనే ఒక నాటక సమాజం నడిచేదట. రాజులు, రాక్షసులు, మునులు, భటులు అందరూ ఆడవాళ్లే. హార్మోనియం వాయించేదీ, తెర లాగేదీ కూడా ఆడవాళ్లే. అందులో పదిహేడేళ్లపాటు మగవేషాలు కట్టినావిడ మా మామ్మగారు.

నేను హైస్కూలు దాకానే చదువుకున్నాను. నాటకాల గురించి రాసే పాండిత్యం నాకు లేదు. పైగా ఆవిడ వేషం కట్టగా నేను చూడలేదు, నేను పుట్టేసరికే ఆ సమాజం విడిపోయింది. పక్కింటిదాన్ని కాబట్టి పక్కింట్లోంచి కనిపించినంత రాస్తున్నాను.

ఇరవై మూడేళ్ల క్రితం మేము ఆవిడ పక్కింట్లో దిగాం. మా వారు అప్పటికే మస్కట్‌లో ఉన్నారు. నేనూ, నాలుగేళ్ల మా పాపా. పాప ఆవిణ్ణి మామ్మగారూ అని పిలిచేది, నాకూ అదే అలవాటయింది. దిగిన మొదటి వారంలోనే ఒక సంగతి గమనించాను. ఆవిడ మా ఇంటికి వచ్చినా, గుడికి వచ్చినా, ముందు కుడికాలు పెట్టి, గడప మీద ఒక్క క్షణం ఆగి, అప్పుడు లోపలికి వస్తారు. వెళ్లేటప్పుడు మనకి వీపు పెట్టరు. మాట్లాడుతూనే పక్కకి జరుగుతూ జరుగుతూ గుమ్మం దాటుతారు. నాకు మర్యాదలా తోచింది. తరవాత అడిగితే నవ్వారు.

"మర్యాదా నా మొహమా. జనానికి వీపు చూపిస్తే మా సమాజం అమ్మగారు తెర వెనకాల తొడపాశం పెట్టేవారు. ఆవిడ పోయేరు గానీ ఆ తొడపాశం పోలేదే అమ్మాయ్!"

సమాజం అమ్మగారంటే ఆ నాటక సమాజాన్ని నడిపిన పెద్దావిడ. ఆవిడ దగ్గర పద్ధతులు మఠంలో ఉన్నట్టుండేవట. అందరికీ ఒకే రంగు ముతక చీరలు. తెల్లవారుజామునే కాలవలో గొంతు దాకా నీళ్లలో నిలబడి శ్రుతి పట్టాలి. ఎవరి విస్తరి వాళ్లే ఎత్తాలి, రాజైనా భటుడైనా. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి ఏడాది వేషం ఇవ్వరు, నడక నేర్పుతారు. ఆడవేషాల వాళ్లకి ఒక నడక, మగవేషాల వాళ్లకి ఒకటి. మామ్మగారు పొడగరి, భుజాలు వెడల్పు. చూడగానే మగవేషాల వరసలో నిలబెట్టేశారట.

ఆవిడది బండారులంక. తండ్రి మగ్గం నేసేవారు. ఈవిడ కండెలు చుడుతూ పాడుకుంటుంటే ఆ దారిన పోతున్న సమాజం అమ్మగారు విని, లోపలికొచ్చి, పిల్లని పంపమని అడిగారు. అప్పటికి ఈవిడకి పద్నాలుగేళ్లు. పాటలే కదా, దేవుడి కథలే కదా అని తండ్రి సరేనన్నారు.

"నడక రాలేదే అమ్మాయ్" అని చెప్పేవారు మామ్మగారు. "పాట వచ్చేసింది, పద్యం వచ్చేసింది. నడక మాత్రం రాదు. మీసాల్లేని మగాడిలా నడవమంటే మునసబుగారి పాలేరులా నడుస్తున్నాను. అమ్మగారు విసుక్కున్నారు, 'రాముడేవిటే, గోనెబస్తా మోసేవాడిలా ఉన్నాడు' అని. అప్పుడు మా నాన్న జ్ఞాపకం వచ్చేడు. చీరల మూట భుజాన పెట్టుకుని అమలాపురం సంతకి నడిచెళ్లేవాడు. ఎంత బరువున్నా మెడ వంచడు, ఎవరికీ అడ్డం రాడు, ఎవరికోసమూ తప్పుకోడు. అలా నడిచి చూపించేను. అమ్మగారు లేచి నిలబడిపోయేరు."

ఇంకో మాట కూడా అనేవారు. "రాముడెలా నడిచేడో నేను చూళ్లేదు కదా. మా నాన్న నడిచేడు, చూసేను."

ఆ నడకతోనే ఆవిడ ఈ లంకలన్నీ తిరిగారు. రాజోలు వైపు పందిళ్లలో, కొత్తపేటలో, రేవు దాటి అవతల నరసాపురం వైపు కూడా. సామానంతా పడవల్లో. ఒకసారి పడవ ఒరిగి గెడ్డాల పెట్టె గోదావరిలో పడిపోతే ఆ రాత్రి మునులందరూ పదహారేళ్ల వాళ్లలా కనిపించారట. ఒక పద్యానికి జనం మూడుసార్లు వన్స్‌మోర్ కొడితే, మూడోసారి రాగం మార్చి పాడి ఊరుకోబెట్టారట. ఇవేవీ ఆవిడ గొప్పలుగా చెప్పేవారు కాదు. నాతో పాటు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పేవారు. చెబుతూ చెబుతూ, "అదిగో, పుచ్చిన కాయ వేసేసేవు, తియ్యి" అనేవారు.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. సీత వేషం కట్టే స్నేహితురాలు ఒకావిడ సఖినేటిపల్లిలో ఉంటారు. మా వీధిలో అందరికీ ఆవిడ సీతమ్మగారు. ఏటా ఒకసారి వచ్చి వారం రోజులుండి వెళ్లేవారు. ఎనభై ఏళ్లొచ్చినా ఇద్దరికీ ఎప్పుడూ దెబ్బలాటే.

"చూడమ్మా, మీ మామ్మగారు నన్ను అడవులకి పంపేసింది, ఒక్కసారి కాదు, రెండొందల సార్లు" అనేవారావిడ నాతో.

"నీ గొంతు భరించలేక పంపేను. మళ్లీ మళ్లీ వచ్చేదానివి" అనేవారు మామ్మగారు.

"పెళ్లి చేసుకోలేదేమండీ?" అని నేనొకసారి తెలీక అడిగితే మామ్మగారు ఆవిడ వైపు చెయ్యి చూపించి, "ఈవిణ్ణి పెళ్లాడి పెళ్లాడి విసుగొచ్చిందే" అన్నారు. ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ సాయంత్రం వసారాలో సీతమ్మగారి కాళ్లకి కొబ్బరినూనె రాస్తూ కనిపించారు మామ్మగారు.

నాకు ఆవిడ చేసిన మేలు ఒకటి చెప్పాలి. నాది చిన్నప్పటి నుంచీ చిన్న గొంతు. పదిమందిలో నోరు పెగలదు. గుళ్లో భజనలో కూడా వెనక వరసలోనే కూర్చుంటాను. మా పాప ఇంటర్ అయ్యాక నర్సింగులో చేరాలంటే కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పుతున్నారు. మూడుసార్లు వెళ్లి, ప్రిన్సిపాల్ గది బయట కుర్చీలో కూర్చుని, ఏమీ అడగకుండానే తిరిగొచ్చేశాను. ఇంక రెండు రోజులే గడువు. పాప ఏడుస్తోంది. మామ్మగారు గోడ మీంచి విన్నారు.

"ఇలా రా" అని మా పెరటి అరుగు మీద కూర్చున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి దింపారు. ఉన్నట్టుండి గొంతు మారిపోయింది. "ఎవరండీ మీరు? ఏం కావాలి?"

నాకు నవ్వొచ్చేసింది. ఆవిడ నవ్వలేదు. "నవ్వుతారేంటండీ? నాకు అవతల మీటింగుంది."

"అదండి... మా పాపదండి... సర్టిఫికెట్లండి..."

"వినబళ్లేదు."

"సర్టిఫికెట్లండి."

"ఆ గోడతో చెబుతున్నారా, నాతోనా?"

అలా పదిహేను సార్లు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు ప్రిన్సిపాల్ వెళ్లిపోయి మామ్మగారు వచ్చారు. వంగి నా రెండు పాదాలూ పట్టుకుని నేల మీద జానెడు ఎడంగా పెట్టారు. పెద్దావిడ నా కాళ్లు పట్టుకుంటే నేను కంగారుపడి వెనక్కి జరిగాను. "కదలకు. మాట గొంతులోంచి వస్తుందనుకుంటున్నావు నువ్వు. కాదు, అరికాలు ఆన్చుకుంటే వస్తుంది. అరవక్కర్లేదు. నిలబడు, చాలు. నిలబడ్డ మనిషి నెమ్మదిగా చెప్పినా చివరి వరస దాకా వినబడుతుంది."

మర్నాడు వెళ్లాను. అరికాళ్లు ఆన్చి నిలబడి, నా చిన్న గొంతుతోనే అడిగాను. ఇచ్చారు. మా పాప ఇప్పుడు కాకినాడలో నర్సు.

ఇంక ఆ కిరీటం సంగతి. సమాజం విడిపోయినప్పుడు సామాన్లు తలా ఒకటి తీసుకున్నారు. కిరీటం ఈవిడకిచ్చారు. తేలిక కర్రతో చేసి, పైన పసిడి రేకు అతికించి, అద్దపు బిళ్లలు పొదిగినది. తేలికనే చెప్పుకునేవారు గానీ, ఎత్తి చూస్తే నా చేతులు లాగేశాయి. ఆవిడ దాన్ని దేవుడి గూటి కింద చెక్కపెట్టెలో ఉంచి రోజూ ఒక పువ్వు పెట్టేవారు. అన్నేళ్లు అది పెట్టుకున్నందుకు నుదుటికి అడ్డంగా ఒక నల్లటి గీత పడిపోయింది. బొట్టు సరిగ్గా దాని కింద పెట్టుకునేవారు.

వాళ్ల సమాజంలో నియమం ఏమిటంటే, కిరీటం పెట్టుకునే రోజు ఉపవాసం. పెట్టుకున్నాక ముందు ఆ వేషానికి హారతి. ఇంక అది తీసేదాకా ఎవరికీ దణ్ణం పెట్టకూడదు, తల వంచకూడదు. దేవుడు మనిషికి వంగడు కదా అని నేనంటే ఆవిడ, "అదీ ఉందిలే, కానీ వంగితే ఊడి పడిపోతుందే" అన్నారు. నిజంగానే పడిందట. మొట్టమొదటి ఆట రోజున, అలవాటు కొద్దీ సమాజం అమ్మగారికి దణ్ణం పెట్టబోయి వంగారు. కిరీటం వెళ్లి హారతి పళ్లెంలో పడింది. రేకు కాలింది. ఆ కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, చూపించారు. అమ్మగారు తిట్టలేదు గానీ, ఆ మచ్చ మీద ఒట్టు వేయించారు. కిరీటం ఉన్నంతసేపు ఎవరొచ్చినా సరే తల కదపనని.

ఆ ఒట్టు ఆవిణ్ణి ఎంత బాధపెట్టిందో రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో తెలిసింది. ఆవిడకి జ్వరం వచ్చి తగ్గిన రోజులు. నేను జావ పట్టుకెళ్లాను. ఆ రోజు తనంతట తానే చెప్పారు.

సమాజంలో చేరిన మూడో ఏట, కిరీటం సరిగ్గా కూర్చోవడం కోసం ఆవిడ పెద్ద జడ కత్తిరించుకున్నారు. ఆ తలతో ఒకసారి ఇంటికి వెళ్లారు. తండ్రి మగ్గం గుంటలో ఉన్నారు. ఒక్కసారి తలెత్తి చూసి, లోపలున్న తల్లితో, "వాకిట్లోకి ఎవరో వచ్చేరు, ఏం కావాలో కనుక్కో" అన్నారట. అంతే. ఆ తరవాత నాలుగేళ్లు మాటల్లేవు. ఈవిడ పంపిన కబురుకి జవాబు లేదు.

"రాజోలు పక్కన ఆట" అని చెప్పారు మామ్మగారు. "తెల్లారగట్ల పట్టాభిషేకం. మేం సింహాసనం మీద కూర్చుంటే జనం వరసగా వచ్చి హారతి కళ్లకద్దుకుని, కాళ్లకి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. అలా వస్తున్నారు. నేను ఎదరకే చూస్తున్నాను. పళ్లెంలో ఎవరో ఒక ఉత్తరీయం పెట్టేరు. జరీ అంచు. ఆ మడత చూసేనే అమ్మాయ్. ఆ మడత మా ఇంట్లో తప్ప ఎవరూ పెట్టరు. కళ్లు దించేటప్పటికి మా నాన్న వంగి ఉన్నాడు. రెండు చేతులూ నా కాళ్ల మీద పెట్టేడు."

జావ చల్లారిపోతోంది. నేను గుర్తు చెయ్యలేదు.

"చీరలమ్ముకోడానికి ఆ ఊరొచ్చి ఉంటాడు. ఆట అంతా చూసే ఉంటాడు. తన నడక తను చూసుకునే ఉంటాడు కదా? కన్నతండ్రి నా కాళ్ల మీద ఉన్నాడు, నేను తల కదపలేదు. పలకలేదు. ఒట్టు కదా. లేచేడు, నా మొహం కేసి చూళ్లేదు, వెళ్లిపోయేడు. వెనకాల ఇంకా బోల్డంత జనం. వాళ్లందరూ అయ్యి, భుజకీర్తుల తాళ్లు విప్పుకుని, కిరీటం తీసి రేవు దాకా పరిగెత్తేను, ఆ రంగు మొహంతోనే. పడవ వెళ్లిపోయింది. ఆర్నెల్లకి ఆయనే పోయేడు."

జావ గిన్నె పక్కకి జరిపి, "ఆ ఉత్తరీయం దేవుడికిచ్చేడో నాకిచ్చేడో ఇప్పటికీ తెలీదు. దేవుడికే దణ్ణం పెట్టేడేమో. అయినా నేను పెట్టాల్సిన దణ్ణం బాకీ ఉండిపోయింది" అన్నారు.

తరవాత నా చెయ్యి పట్టుకున్నారు. "నేను పోయేక వీళ్లు తప్పకుండా ఆ పెట్టె తీస్తారు. దండలేస్తారు, ఫోటోలు తీస్తారు. ఏం చేసుకున్నా ఫరవాలేదు. కిరీటం మాత్రం నా తలకి పెట్టనివ్వకు. అది ఉంటే వంగలేను. అక్కడ మా నాన్న ఉంటాడు."

"నేను చెబితే ఎవరు వింటారండీ?" అన్నాను.

"మరెందుకే నీకు నిలబడ్డం నేర్పింది?" అన్నారు.

ఆవిడ పోయిన రోజు పొద్దెక్కేసరికి ఆవిడ చెల్లెలి కొడుకు మండపేట నుంచి వచ్చారు. రైసుమిల్లులో పని, మంచి మనిషి. సఖినేటిపల్లి నుంచి సీతమ్మగారిని ఆటోలో తీసుకొచ్చారు. ఊళ్లో కళాకారుల సంఘం పెద్దాయన పదిమందితో, పెద్ద దండతో వచ్చారు. వసారాలో పడుకోబెట్టి, స్నానం చేయించి, రెండు చేతులూ గుండెల మీద జోడించి, బొటనవేళ్లు కలిపి దారంతో కట్టారు. పెద్దాయన కళ్లు తుడుచుకుని అన్నారు. "ఆవిడ మామూలు మనిషి కాదండి. మహారాజులా సాగనంపాలండి. కిరీటం ఇక్కడే ఉందంటగా?" చెల్లెలి కొడుకు, "ఆయ్, ఉందండి" అని లోపలికి వెళ్లి పెట్టె తెచ్చారు. ఎవరో ఫోను ఎత్తిపట్టుకున్నారు. కిరీటం బయటికి తీశారు.

నేను ఎప్పటిలాగే వెనక వరసలో, ఆడవాళ్ల మధ్యలో గోడకానుకుని ఉన్నాను. ఇంక ఒక్క నిమిషంలో ఆవిడ నాకప్పగించిన మాట చేయి దాటిపోతుంది, ఆవిడ బరువు ఆవిడ తల మీదే ఉండిపోతుంది. గోడ వదిలి ముందుకొచ్చాను. పాదాలు జానెడు ఎడంగా పెట్టాను.

"ఆగండి. అది పెట్టకండి" అన్నాను. అరవలేదు. వీధిలో కుర్చీలు వేస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

"అదేంటమ్మా, గౌరవం కదండీ?" అన్నారు పెద్దాయన.

"గౌరవమేనండి. కానీ వద్దని ఆవిడే చెప్పేరండి. నాతో చెప్పేరు." రాజోలు సంగతి, తండ్రి సంగతి, ఒట్టు సంగతి చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలీదు. ఒక్కరు కూడా వినబళ్లేదనలేదు.

పెద్దాయన సందేహంగా చెల్లెలి కొడుకు కేసి చూశారు. అప్పుడు మూలన కుర్చీలోంచి సీతమ్మగారు మాట్లాడారు. "ఆ అమ్మాయి చెప్పింది నిజం నాయనా. నేను పక్కనే కూర్చున్నాను కదా. ఆయన వంగినప్పుడు ఇది రెండు చేతులా సింహాసనాన్ని పట్టేసుకుంది. సింహాసనం కదిలింది. కిరీటం మాత్రం కదల్లేదు." ఆవిడ కర్ర ఊతంగా లేచి వచ్చి, కిరీటం తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నారు.

పెట్టె అడుగున ఆ ఉత్తరీయం ఉంది. జరీ నల్లబడిపోయింది గానీ మడత అలాగే ఉంది. దాన్ని ఆవిడ భుజాల మీద కప్పాం. దువ్విన తెల్లజుట్టు, నుదుటి మీద ఆ నల్లటి గీత, దాని కింద కుంకుమ.

పాడె మీదికి చేర్చడానికి చెల్లెలి కొడుకు భుజాల కింద చేతులు వేసి ఎత్తారు. ఎత్తగానే ఆవిడ తల నెమ్మదిగా ముందుకు వాలింది, కట్టిన చేతుల మీదికి. "తల పట్టుకోండి, తల పట్టుకోండి" అన్నారెవరో. నేనే దగ్గరున్నాను. చెయ్యి చాచి కూడా ఒక్క క్షణం ఆగిపోయాను.